చదును రోడ్డు మీద బరువు

పదకొండో నిమిషంలో చెమట కంట్లోకి దిగింది, తుడుచుకోవడానికి అతను చెయ్యి ఎత్తలేదు. హ్యాండిలు నుంచి ముందుకు పొడుచుకొచ్చిన రెండు కడ్డీల మీద మోచేతులు ఆనించి, తల భుజాల మధ్యకి దించి, నడుము వంచి కూర్చుంటే ఇక గంట దాకా అలాగే ఉండాలి, కదలకూడదు, కంట్లో మంట పుడితే పుట్టనీ, వచ్చే ఆదివారం రోడ్డు మీద కూడా ఇంతే, చెయ్యి ఎత్తావా గాలి వచ్చి ఛాతీకి అడ్డం పడుతుంది. ఇక్కడ గాలెక్కడుంది గనక. మూసిన కిటికీ, నాలుగు గోడలు, బట్టలారేసే తాడు, వెనక చక్రాన్ని నేలకి అంగుళం పైకి లేపి పట్టుకున్న ఇనప స్టాండు, దాని రోలరుకి టైరు ఒరుసుకుంటూ చేస్తున్న ఒకటే రొద. ఎంత తొక్కినా ఎదురుగా గోడ గోడలాగే ఉంది. ఆ గోడకి అవతల కూతురు పడుకుని ఉంది. చప్పుడుగా ఉంటుంది నాన్నా, తలుపు దగ్గరికి లాగేసి వెళ్ళు, అంది. లాగాడు. భార్య కళ్ళద్దాల దుకాణంలో ఉంది, ఆదివారం మధ్యాహ్నాలే అక్కడ జనం ఎక్కువ, ఆరింటికి గాని రాదు. ఇంట్లో తండ్రీ కూతుళ్ళిద్దరే, గోడకి ఇటొకళ్ళు అటొకళ్ళు. పన్నెండో నిమిషం. ఇంకా నలభై ఎనిమిది.

చదును రోడ్డంటే అందరూ సుఖం అనుకుంటారు. అతనూ అనుకున్నాడు మొదట్లో. ఎక్కడా ఎత్తు లేదు, ఒక్క వంతెన కూడా లేదు, నగరం నడుమ పది కిలోమీటర్ల చుట్టు, నాలుగుసార్లు తిరిగితే నలభై, ఇదేం పెద్ద ఘనకార్యం అనుకున్నాడు. కానీ ఎత్తే లేనిచోట దిగుడు ఎలా వస్తుంది. దిగుడు లేకపోతే కాళ్ళు ఆపి చక్రాన్ని దానంతట దాన్ని పోనిచ్చే క్షణం ఒక్కటీ దొరకదు. గంటా పావు అదే కండ, అదే నరం, అదే మెడనొప్పి, అదే పళ్ళచక్రం. కొండెక్కేవాడికి కనీసం శిఖరం కనిపిస్తుంది, దాన్ని తిట్టుకుంటూనైనా ఎక్కుతాడు. చదును రోడ్డు మీద తిట్టుకోవడానికి ఏమీ ఉండదు, నువ్వు తప్ప. ఈ మాట కూతురే చెప్పింది, పదిహేడేళ్ళప్పుడు, మొదటిసారి ఆ చుట్టు తొక్కి వచ్చి, బూట్లు విప్పుకుంటూ. భలే చెప్పావే అని నవ్వాడు. నవ్వి, నోటుపుస్తకం తీసి, ఆ రోజు సమయం రాసుకున్నాడు, దాని పక్కన ఆ పొద్దుటి బరువు రాసుకున్నాడు.

పేరుకి పేరుంది గాని ఇంట్లో కూతుర్ని అందరూ బొద్దు అనే పిలుస్తారు. పుట్టినప్పుడు అంత బొద్దుగా పుట్టింది. పురుడు పోసిన నర్సు రెండు చేతుల్లో ఎత్తి, ఏం తూకమండీ బాబూ, మీవాళ్ళు దీన్ని ముందే కాటా వేయించి పంపారా ఏంటి, అని వేళాకోళం చేసింది, అప్పటికే ఆ నర్సుకి తెలుసు అతను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరని. బజారులో అతన్ని తూకాలాయన అంటారు. తూకాలాయన వస్తున్నాడంటే ఒక్కో కొట్లో ఒక్కో చెయ్యి కౌంటరు కిందకి వెళ్తుంది. పళ్ళెం కింద అయస్కాంతం అంటించేవాడొకడు, ముల్లు సున్నాకి వెనకాల నిలిచేలా స్ప్రింగు వంచేవాడొకడు, గుండు అడుగున సీసం తోడేసి మైనం నింపేవాడొకడు. ముప్ఫై ఏళ్ళుగా అన్నీ చూశాడు. కాటా అబద్ధం చెప్పదు, మనిషి దాని చేత చెప్పిస్తాడు, అని కొత్తగా చేరిన వాళ్ళకి పాఠం చెప్పేవాడు, చెప్పి ఒక్క క్షణం ఆగేవాడు, ఆ మాట వాళ్ళకి ఎక్కడానికి. పద్నాలుగో నిమిషం. కాళ్ళు తొంభై దగ్గర నిలబడ్డాయి, నిమిషానికి తొంభై చుట్లు, తగ్గకూడదు పెరగకూడదు. బొద్దు లెక్క కూడా తొంభయ్యే, ఈ సైకిలు దానిదే. సీటు రెండు వేళ్ళు పైకి లేపాడు తనకోసం, అంతకుమించి ఈ సైకిల్లో ఏమీ మార్చలేదు, హ్యాండిలుకి చుట్టిన పసుప్పచ్చ టేపు దాని చెమటకి నల్లబడ్డది నల్లబడినట్టే ఉంది.

బొద్దుకి శిక్షకుణ్ణి పెట్టలేదు అతను. ఎందుకు, నేను లేనా అన్నాడు. బొద్దు దిగే పోటీల్లో ముందు ఈత, ఆ వెంటనే సైకిలు, ఆ వెంటనే పరుగు, మూడింట్లో దానికి సైకిలే చెయ్యి తిరిగిన విద్య, మిగతావాళ్ళంతా ఈత దగ్గరా పరుగు దగ్గరా గుంజుకున్నదంతా ఇది సైకిలు మీద వడ్డీతో సహా రాబట్టేది. ఆ సైకిలుని ఆదివారం ఆదివారం విప్పి, ఒక్కో భాగాన్ని ఆఫీసునుంచి తెచ్చిన చిన్న కాటా మీద పెట్టి, ఇక్కడ పదకొండు గ్రాములు, ఇక్కడ ఏడు, అంటూ బోల్టులు మార్చాడు, సీటు గొట్టం అడుగున అక్కర్లేని రెండంగుళాలు కోసేశాడు. తండ్రీ కూతుళ్ళు నేలమీద పాత పేపర్లు పరుచుకుని కూర్చుని గ్రాములు తగ్గించడంలో ఎంత సంబరం. చేతులకి గ్రీజు, మొహాలకి గ్రీజు. వంటింట్లోంచి భార్య, ఆ సైకిలుకి ఇంకేం మిగిల్చారండీ, రేపు తాడూ బొంగరం లేకుండా తొక్కుతుందా ఏంటి, అనేది. సైకిల్లో ఇక కోయడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు, తనే అన్నాడా, అదే అందా? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ అతని జ్ఞాపకం దొంగ కాటాలా ఒకవైపుకి వాలుతుంది. అదే అంది, సైకిలు అయిపోయింది నాన్నా, ఇక నేనే, అని నవ్వింది, అని చాలాకాలం భార్యకి చెప్పాడు, తర్వాత ఆస్పత్రిలో డాక్టరమ్మకి చెప్పాడు. కాదు. తను అన్నాడు. సైకిలు మీద ఉన్నది కూడా సైకిలు బరువేనమ్మా, అన్నాడు. ఆ సోమవారమే ఆఫీసునుంచి పెద్ద కాటా తెచ్చి స్నానాలగది బయట పెట్టాడు. ముద్ర వేసిన కాటా, ఇరవై గ్రాముల తేడా కూడా పట్టేస్తుంది.

పదిహేడో నిమిషంలో గట్టిగా తొక్కవలసిన మొదటి పన్నెండు నిమిషాల విడత మొదలవుతుంది. చెయ్యి కదపకుండా బొటనవేలితో మీట నొక్కాడు, గొలుసు చిన్న పళ్ళచక్రం మీదకి దిగి బరువుగా పట్టింది, తొడల్లోంచి వేడి పొత్తికడుపు దాకా పాకింది. ఊపిరి ముక్కుతో లోపలికి, నోటితో బయటికి. పొద్దున్నే అయిదున్నరకి అది కాటా ఎక్కేది. తను పక్కన నిలబడి అంకె చదివి రాసుకునేవాడు. తగ్గినరోజు తలమీద చెయ్యి వేసేవాడు. పెరిగిన రోజు ఏమీ అనేవాడు కాదు, దేవుడి తోడు, ఒక్కరోజు కూడా ఏమీ అనలేదు, పుస్తకం మూసి పక్కన పెట్టేవాడు, అంతే. ఆ మూసిన చప్పుడు ఎలా వినిపించేదో దానికి. కొన్నాళ్ళకి అది రాత్రి అన్నం మానేసింది, పొట్ట తేలిగ్గా ఉంటే నిద్ర బావుంటుంది అంది. తర్వాత పాలు. తర్వాత స్నేహితురాళ్ళు ఇంటికి రావడం. ఈత కొట్టే స్నేహితురాలు ఒక్కతే మిగిలింది, భుజాలు ఇంతేసి ఉంటాయి ఆ పిల్లకి, ఇంట్లోకి వస్తే చేప వాసన అని బొద్దు ఏడిపించేది. ఆ పిల్లే ఒకరోజు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ మెల్లిగా అంది, అంకుల్, దానికి ఎండాకాలంలో కూడా చలేస్తోంది, చూశారా, అని. చూశానమ్మా, కండ గట్టిపడేటప్పుడు అలాగే ఉంటుంది, అన్నాడు. ఎక్కడ చదివాడు ఆ ముక్క? ఎక్కడా చదవలేదు. నోటికొచ్చింది అన్నాడు.

కాలేజీ వరండాలో పడిపోయింది. సైకిలు మీంచి కాదు, పరిగెడుతూ కాదు, జిరాక్సు కోసం వరసలో నిలబడి. ఆస్పత్రిలో దాని గుండె చప్పుడు తెరమీద చూపించి, ముసలివాళ్ళకి నిద్రలో ఇంత నెమ్మదిగా కొట్టుకుంటే మేం భయపడతాం, ఈ పిల్లకి ఇరవై ఏళ్ళు, మెలకువగా ఉంది, అంది డాక్టరమ్మ. ఎంతకాలం నుంచి ఇలా? అతను నోటుపుస్తకం తీసి ఇచ్చాడు. రెండేళ్ళ తొమ్మిది నెలలు, రోజువారీ, ఒక్కరోజు వదలకుండా, గీతలు కొట్టి, ఎర్రసిరాతో నీలిసిరాతో. ఆవిడ నాలుగు పేజీలు తిప్పింది. ఎవరు రాశారివి? నేనే, అన్నాడు, అప్పటికింకా గొంతులో కాస్త గర్వం ఉందని ఇప్పుడు తెలుస్తోంది. ఆవిడ పుస్తకం మూసి, బల్లమీద అతనివైపు కాకుండా భార్యవైపు తోసింది. ఇరవై రెండు, ఇరవై మూడు. ఈ విడత ఇంకా ఆరు నిమిషాలు. మెడ వెనక నరం లాగుతోంది. లాగనీ.

ఆస్పత్రిలో నెల రోజులు. ఇంటికొచ్చాక వారం వారం వెళ్ళి తూకం చూపించుకోవాలి. మొదటి నెలంతా వారానికింత చొప్పున పెరిగింది, భార్య కళ్ళలోకి వెలుగు వచ్చింది, చూశారా నా చేతి తిండి, అంది. అయిదో వారం అతను సెలవు పెట్టి తనే తీసుకెళ్ళాడు. గది మూలన కాటా. బొద్దు చెప్పులు విప్పి ఎక్కింది. ఎక్కేటప్పుడు పాదాల దగ్గర లంగా అంచు కిందికి లాగినట్టుండి ఊగలేదు, బట్ట ఊగవలసినచోట ఊగలేదు. ముప్ఫై ఏళ్ళ కన్ను అది, చూడొద్దన్నా చూస్తుంది. కొట్లో ఎవడిదో చెయ్యి కౌంటరు కిందకి వెళ్ళినప్పుడు వెన్నులో పుట్టే చలి అతనికి కూతురి ముందు పుట్టింది. డాక్టరమ్మ అంకె రాసుకుంటోంది. అతను ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక భార్య ఆ లంగా అంచు విప్పితే లోపల వరసగా కుట్టి ఉన్నాయి, యాభై గ్రాముల ఇత్తడి తూకపు గుండ్లు, అతని పెట్టెలోవే, ఒక్కోదాని మీద శాఖవాళ్ళ ముద్ర, ముద్ర పక్కన అతని చేత్తో కొట్టిన సంవత్సరం. భార్య వాటిని ఒక్కొక్కటే మంచం మీద పెట్టింది. ఎంత చక్కగా కుట్టిందో చూడండి, అంది. ఎప్పుడూ సూది పట్టమంటే పట్టేది కాదు, అంది. తర్వాత ఏడ్చింది. బొద్దు ఏడవలేదు, గోడవైపు తిరిగి, నువ్వు అక్కడే పట్టేశావు కదా నాన్నా, నాకు తెలుసు, నీ మొహం చూశాను, ఎందుకు చెప్పలేదు, అంది. ఎందుకు చెప్పలేదు. బజారులో ఎవణ్ణీ వదల్లేదే. పువ్వులమ్మే ముసలావిడ కాటా కూడా సీజు చేశాడే ఒకప్పుడు.

ఇరవై తొమ్మిది. విడత అయిపోయింది, మీట నొక్కి గొలుసుని తేలిక పళ్ళచక్రం మీదకి మార్చాడు, నాలుగు నిమిషాలు కాళ్ళు తేలిగ్గా తిప్పాలి. సీసా ఎత్తి గుక్కెడు నీళ్ళు తాగాడు. అవతలి గదిలో అలికిడి లేదు. పడుకునే ఉంటుంది. ఈ గంటలంటే అతనికి ఇష్టం. మాట్లాడుకోనక్కర్లేదు, తిన్నావా అని అడగనక్కర్లేదు, అది తిన్నాను అంటే నమ్మాలా వద్దా అని మొహంలోకి చూడనక్కర్లేదు. చక్రం రొద ఒక్కటే ఇద్దరికీ. ఇందులోకి దిగడమూ దానివల్లే. సైకిలు మాట ఈ ఏడాది ఎత్తొద్దని డాక్టరమ్మ తేల్చేసింది. అప్పటికే జట్టుగా పేర్లు ఇచ్చి ఉన్నారు, ముగ్గురు తలా ఒకటి పంచుకునే పోటీ, ఈతకి ఆ స్నేహితురాలు, పరుగుకి బొద్దు మేనమామ, అంటే అతని బావమరిది, బస్సు డ్రైవర్లకి శిక్షణ ఇస్తాడు, రోజంతా పక్క సీట్లో కూర్చుని బ్రేకు తొక్కీ తొక్కీ కుడికాలు ఎడమకాలు కంటే లావు అంటాడు. సైకిలుకి మనిషి లేడు. మానేద్దాం లే అన్నారు. బొద్దు మంచం మీద లేచి కూర్చుని, నాన్న తొక్కుతాడు, అంది. దాని కళ్ళు ఎన్నో నెలల తర్వాత దేనికోసమో వెలిగాయి. తొక్కుతావు కదా నాన్నా, ఇక్కడే, పక్కగదిలో, నేను వింటూంటాను. ఆ వెలుగు చూసి కాదనగలిగే తండ్రి ఎవడు. భార్య మాత్రం వద్దంది. ఆ సైకిలుని ఇంట్లోంచి పంపించేయండి, మీకు దణ్ణం పెడతాను, అంది. దానికోసమే కదా చేసేది, అన్నాడు. దానికోసమా, మీకోసమా? అని అడిగింది ఆవిడ, పెద్దగా కూడా కాదు, అద్దం తుడుస్తూ తుడుస్తూ.

ముప్ఫై మూడు. రెండో విడత. ఇది కష్టం, మొదటిదాంట్లో ఒంట్లో ఉన్న జోరు ఇందులో ఉండదు. కష్టంగా ఉన్నప్పుడు పొట్ట లోపలికి పీల్చుకుంటే మోకాలు తగలదు, ఇదివరకు తగిలేది, ఇప్పుడు తగలదు, పొట్ట లేదు కదా. ఆ మాట మనసులో అనుకోగానే ఒంట్లో ఒక తీపి లాంటిది పాకింది, దాన్ని అతను గుర్తుపట్టాడు. ఆఫీసు వెనక గదిలో బస్తాలు తూచే పెద్ద వేదిక ఉంది. ఇంట్లో కాటా భార్య తీసేయమంది, తీసుకెళ్ళి ఆఫీసులో పెట్టేశాడు, ఆ రోజే, ఊరికే, చూద్దామని ఆ వేదిక ఎక్కాడు. తర్వాత రోజూ. బంట్రోతు టీకి వెళ్ళినప్పుడు బూట్లు విప్పి, బెల్టు విప్పి, జేబులో తాళాలు బల్లమీద పెట్టి. పది వారాల్లో తొమ్మిది కిలోలు. బావమరిది భుజం తట్టి, బావా, వయసు వెనక్కి పోతోంది నీకు, అన్నాడు. రాత్రి భోజనం మానేశాడు, పొట్ట తేలిగ్గా ఉంటే నిద్ర బావుంటుంది అని భార్యతో అన్నాడు, అన్నాక ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయి చూస్తే, ఏం, ఏమన్నాను, అన్నాడు. ఏమన్నాడో ఇప్పుడు, ముప్ఫై అయిదో నిమిషంలో, టైరు రొదలోంచి వినిపించింది. బొద్దు మొన్న అన్నం దగ్గర అతని మణికట్టు వైపు చూసింది, వాచీ బెల్టు ఒక బెజ్జం లోపలికి జరిగింది. చూసి, తన మణికట్టు చుట్టూ బొటనవేలూ చూపుడువేలూ వేసుకుని చూసుకుంది. తర్వాత కంచంలోది అంతా తినేసింది, మెతుకు మిగల్చలేదు. అదే విచిత్రం. అన్నీ తింటోంది. భార్య ఎదురుగా కూర్చుని తినిపిస్తోంది, తిన్నాక అరగంట కదలనివ్వదు, స్నానాలగది తలుపు గడియ తీసి పారేశారు, లంగా అంచులు వారానికోసారి తడుముతుంది. అయినా మూడు వారాలుగా కాటా అంగుళం కదలదు. మొన్న అయితే కాస్త దిగింది కూడా. డాక్టరమ్మ తల పట్టుకుంది. ఎక్కడో పోతోందండీ, తిన్నదంతా ఎక్కడో పోతోంది, కనిపెట్టండి, మీరు కనిపెట్టేవాళ్ళు కదా, అంది. సొరుగులు చూశాడు. పరుపు ఎత్తి చూశాడు. కిటికీ కింద పూలకుండీల్లో మట్టి తవ్వి చూశాడు. ముప్ఫై ఏళ్ళ తనిఖీ ఒక ఆడపిల్ల గదిలో ఏమీ పట్టలేకపోయింది.

ముప్ఫై ఎనిమిది. కాళ్ళు ఎనభై ఆరుకి పడిపోయాయి. లాగు, లాగు. మూడు వారాల క్రితం పోటీదారులందరికీ దారి వివరించే సమావేశం పెట్టారు, ఒక బడి హాల్లో, చిన్నపిల్లల కుర్చీల్లో పెద్దవాళ్ళంతా మోకాళ్ళు గడ్డానికి ఆనేలా కూర్చున్నారు. మలుపులు ఎక్కడెక్కడో చెప్పారు, నీళ్ళు ఎక్కడిస్తారో చెప్పారు. చివర ఒక ఇంజనీరు, సన్నగా పొడుగ్గా ఉన్నాయన, నల్లబల్ల మీద రెండు గీతలు గీసి, చాలామంది కొత్తవాళ్ళు సైకిలు బరువు, ఒంటి బరువు అని తెగ బెంగ పెట్టుకుంటారు, అన్నాడు. కొండ దారిలో అయితే సరే. మన దారి బల్లపరుపు. ఒకసారి వేగం అందుకున్నాక ఇక్కడ మీ పోట్లాటంతా గాలితోనే. వంగి కూర్చోండి, మోచేతులు దగ్గరికి తీసుకోండి, చాలు. ఒంట్లో అయిదు కిలోలు ఉన్నా ఊడినా నలభై కిలోమీటర్లకి తేడా కొన్ని సెకన్లు, మహా అయితే అరనిమిషం, మీరు నీళ్ళ సీసా అందుకోవడంలో తడబడితే అంతకంటే ఎక్కువ పోతుంది, హాయిగా తినండి బాబూ, అన్నాడు. హాలంతా నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వుతూనే లేచి బయటికి వెళ్ళి, చేతులు కడుక్కునే తొట్టి దగ్గర, పిల్లల ఎత్తుకి కట్టిన తొట్టి అది, వంగి కుళాయి తిప్పి, నీళ్ళు పోతూంటే చూస్తూ నిలబడ్డాడు. కొన్ని సెకన్లు. రెండేళ్ళ తొమ్మిది నెలలు. దానికి జుట్టు గుప్పెళ్ళుగా రాలింది, పళ్ళచిగుళ్ళలోంచి నెత్తురు కారింది, ఆడపిల్లకి నెలనెలా రావలసింది రావడం మానేసింది, వరసలో నిలబడి పడిపోయింది, కొన్ని సెకన్లకి. కొలతలే తిండిగా బతికినవాడు, ఆ ఒక్క కొలత ఎవర్నీ అడగలేదు. ఏ పుస్తకమూ తెరిచి చూడలేదు. తెలుసుకోవాలనిపించలేదు. ఎందుకంటే అంకె తగ్గుతోంది, తగ్గుతూంటే బావుంది.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. భార్యకి చెబితే ఆవిడ ఏమంటుందో తెలుసు, ఏమీ అనదు. బొద్దుకి చెబితే? నీ ఒంట్లోంచి నేను కోసిందంతా వృథా అని ఏ తండ్రయినా ఎలా చెబుతాడు. కానీ చెప్పకపోతే అది ఇంకా నమ్ముతూనే ఉంటుంది కదా, బరువే అన్నీ అని, నాన్న చెప్పాడని. దాని మనసులో ఆ మేకు దిగగొట్టింది తనే, పీకవలసిందీ తనే. చెబితే వదిలేస్తుందేమో. వదిలేస్తుంది. తప్పు కాటా తీసేస్తే తూకం సరిపోదూ. ఇంత చిన్న సంగతి మూడు వారాలు కడుపులో దాచుకుని తొక్కుతున్నాడు, దానికోసమంటూ. ఛీ. నలభై ఒకటో నిమిషంలో, విడత ఇంకా నాలుగు నిమిషాలుండగా, అతను కాళ్ళు ఆపేశాడు. అనుకుని ఆపలేదు, ఆగిపోయాయి. చక్రం తనంతట తను ఇంకాస్త తిరిగి, రొద సన్నబడి, సన్నబడి, పోయింది. గదిలో తన ఊపిరి ఒక్కటే మిగిలింది. బూటు అడుగు పెడలుకి పట్టేసి ఉంటే మడమ పక్కకి తిప్పి విడిపించుకుని, దిగి, నేలమీద కాలు నిలవక గోడ పట్టుకున్నాడు. చెమట గడ్డం మీంచి కారుతోంది. తుడుచుకోలేదు. ఇప్పుడే చెప్పెయ్యాలి, ఆరితే మళ్ళీ చెప్పలేడు. వరండా మూడడుగులు. తలుపు తట్టకుండా తోశాడు.

దుప్పటి నేలమీద పడి ఉంది. మంచం మీద బొద్దు వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ నడుము కింద పెట్టుకుని, కాళ్ళు గాల్లోకి లేపి తొక్కుతోంది. లేని సైకిలు. ఒక మోకాలు ఛాతీ దాకా వస్తే రెండోది చాచుకుంటోంది, గుండ్రంగా, తూచినట్టు, తొంభై. తల దిండులోకి నొక్కుకుని ఉంది, గడ్డం దించుకుని, భుజాలు లోపలికి మడిచి, గాలికి తగలకుండా. కళ్ళు పైకప్పు మీదున్నాయి. పెదాలు లెక్కపెడుతున్నాయి. నుదుటిమీద జుట్టు తడిసి అతుక్కుపోయింది. అతన్ని చూసింది. కాళ్ళు ఆగలేదు.

"ఎందుకు దిగిపోయావు?" అంది, ఆయాసంతో. "ఇంకా పంతొమ్మిది నిమిషాలుంది."

కోపం లేదు ఆ గొంతులో, భయం లేదు, దొరికిపోయానన్న సిగ్గు లేదు. దారిలో బస్సు ఎందుకాపారని డ్రైవరుని అడిగినట్టు అడిగింది. పది వారాలు. వారానికి అయిదు రోజులు. ఇక్కడే, పక్కగదిలో, నేను వింటూంటాను. తలుపు దగ్గరికి లాగేసి వెళ్ళు. ఆ కళ్ళలో వెలుగు. తిన్నదంతా ఎక్కడో పోతోందండీ. అతను మంచం కోడు పట్టుకున్నాడు. చెప్పాలనుకున్నది ఒక్కటే గుర్తుంది, అదే అన్నాడు.

"తల్లీ, విను. చదును రోడ్డు మీద బరువుతో పని లేదట. కొన్ని సెకన్లేనట. నేను చెప్పిందంతా తప్పు. మొదట్నుంచీ తప్పే. నీకు ఏమీ తగ్గించనక్కర్లేకపోయింది."

"తెలుసు నాన్నా."

"ఏం తెలుసు?"

"అదే. చదునులో గాలే ముఖ్యమని. ఎప్పుడో చదివాను, మొదటి ఏడాదే." ఎడమ మోకాలు, కుడి మోకాలు. "నీకు చెబుదామనుకున్నాను."

"మరి చెప్పలేదేం?"

కాసేపు లెక్క పెట్టుకుంది. "నువ్వు అంకె రాసుకునేటప్పుడు ఈల వేసేవాడివి. నీకు తెలీదు, వేసేవాడివి. ఇంట్లో ఇంకెప్పుడూ వేసేవాడివి కాదు." ఊపిరి తీసుకుంది. "తర్వాత్తర్వాత నీకోసం కూడా కాదులే. ఆపడం రాలేదు. అంతే. నాన్నా, పక్కకి జరుగు, నాకు గోడమీద గడియారం కనబడట్లేదు."

అతను జరగలేదు. మంచం చివర కూర్చున్నాడు, తడి ఒంటితో, పరుపు తడుస్తుందని తెలిసీ. వచ్చిన కాలుని వచ్చినట్టే పట్టుకున్నాడు, ముందు ఎడమది, తర్వాత కుడిది. చల్లగా ఉన్నాయి పాదాలు, ఇంత తొక్కినా చల్లగానే ఉన్నాయి, మడమల దగ్గర చర్మం కాగితంలా ఉంది. అది లాక్కోబోయింది. అతను వదల్లేదు. చిన్నప్పుడు ఉయ్యాల్లో పడుకుని ఇలాగే తన్నేది, బొద్దు కాళ్ళు, ముడతలు ముడతలుగా, రెండు చేతులా పట్టినా జారిపోయేవి. "వదులు నాన్నా," అంది, "ఈ చుట్టు పూర్తి కానీ." బతిమాలుతోంది. ఇన్నాళ్ళూ దేనికీ బతిమాలలేదు, ఆస్పత్రిలో సూదులు గుచ్చినప్పుడు కూడా. "ఒక్క చుట్టు నాన్నా. ఒక్కటే. తర్వాత ఆపేస్తా, ఒట్టు." అతను ఫోను కోసం చూశాడు, దాని తలగడ పక్కన దానిదే ఉంది, అందుకోవడానికి ఒక చెయ్యి కావాలి. రెండు మడమలూ దగ్గరికి చేర్చి పట్టుకుని చూశాడు. ఒక్క చేతిలోనే పట్టాయి.

భార్య వెంటనే ఎత్తింది. వెనకాల దుకాణం సందడి, ఎవరో అద్దం పెట్టుకుని దూరం నుంచి అక్షరాలు చదువుతున్న గొంతు.

"ఏంటే, ఏమైందే?"

"నేను."

"మీరా? దాని ఫోన్లోంచి, ఏమైందండీ? బొద్దుకేమైంది?"

"తొక్కుతోంది," అన్నాడు. "మంచం మీద. నేను తొక్కినప్పుడల్లా ఇక్కడ ఇది తొక్కుతోంది. పది వారాల్నుంచీ. నేనే తొక్కించాను." "దాని కాళ్ళు పట్టుకుని కూర్చున్నాను."

అవతల అక్షరాలు చదివే గొంతు ఆగింది.

"వదలకండి," అంది భార్య. "డాక్టరమ్మకి నేను చేస్తాను. నేనొచ్చేదాకా వదలకండి."

దుకాణం నుంచి ఇంటికి నలభై నిమిషాలు. ఆదివారం బస్సులు తక్కువ, యాభై కూడా పట్టొచ్చు. ఫోను పరుపు మీద పెట్టేసి రెండో చెయ్యి కూడా వేశాడు. బొద్దు కళ్ళు మూసుకుంది, దాని చెంపల మీంచి కారుతున్నది చెమటో కాదో తెలియలేదు. పెదాలు మాత్రం లెక్క ఆపలేదు. అతని పిడికిళ్ళలో పాదాలు నెడుతూనే ఉన్నాయి, ఎడమ, కుడి, ఎడమ, కుడి.